పగిలిన ఫోన్లో ఉన్న వాట్సాప్ బాకీని కోర్టు ముందు పెట్టేదెలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. జీడిపిక్కల వ్యాపారం. పలాసలో జీడి ఫ్యాక్టరీ నడిపే ఒకాయనకు రెండు సీజన్ల కిందట ఎనభై కిలోల బస్తాలు అరవై పంపాను. ఇంకా 3,40,000 రూపాయలు రావాలి. కాగితం రాసుకోలేదు. ‘పండగయ్యాక వేసేస్తాను అన్నా’ అని ఆయన వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లు, రెండు కాల్ రికార్డింగులు ఉన్నాయి. దావా వేస్తే, ఆ మెసేజ్‌లు నేనే తయారుచేశానని జవాబిచ్చాడు. అప్పట్లో తీసుకున్న స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి ఇస్తే, ఇవి చాలవు, సర్టిఫికెట్ కావాలని లాయరుగారు అన్నారు. మెసేజ్‌లున్న పాత ఫోన్ స్క్రీన్ పగిలి బీరువాలో ఉంది. నంబరు కొత్త ఫోన్లోకి మార్చాను గానీ పాత చాట్ అందులోకి రాలేదు. బజార్లో మొబైల్ షాపు కుర్రాడు ‘నా దగ్గర ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్ ఉంది, డిలీట్ అయినవి కూడా లాగి రిపోర్టు ఇస్తా’ అంటున్నాడు. ఏ సాఫ్ట్‌వేర్‌తో తీయిస్తే కోర్టు ఒప్పుకుంటుంది?

సమాధానం: ఆ పాత ఫోన్‌ను షాపులో ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇవాళే వెనక్కి తెచ్చుకోండి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

షాపుల్లో ఉండేవి ఎక్కువగా లాకులు తీయడానికి, ఫ్లాష్ కొట్టడానికి వాడే బాక్సులు, లేదంటే నెట్‌లో దొరికే డేటా రికవరీ ప్రోగ్రాములు. వాట్సాప్ అసలు డేటాబేస్ ఆండ్రాయిడ్‌లో మామూలుగా చేయి పెట్టనివ్వని ఫోల్డర్లో ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే ‘రూట్’ చేయాలంటారు, అంటే ఫోన్ లోపలి ఫోల్డర్లన్నింటి మీదా పూర్తి అధికారం తెచ్చుకోవడం. చాలా ఫోన్లలో రూట్ కంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) అన్‌లాక్ చేయాలి. అది చేసిన మరుక్షణం ఫోన్ తనంతట తానే ఫ్యాక్టరీ రీసెట్ అయిపోతుంది. దొంగ చేతిలో పడ్డ ఫోన్లోంచి డేటా బయటికి పోకుండా పెట్టిన ఏర్పాటది. ఆండ్రాయిడ్ 10తో గానీ ఆ తర్వాతి వెర్షన్లతో గానీ మార్కెట్లోకి వచ్చిన ఫోన్లలో ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో) ఉంటాయి. రీసెట్‌తో వాటి తాళంచెవి చెరిగిపోతుంది. ఆ తర్వాత ప్రపంచంలో ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చి తగిలించినా మీ చాట్ తిరిగి రాదు. ‘డిలీట్ అయినవి కూడా లాగుతా’ అన్న మాటను మీరు వినాల్సింది ఈ లెక్కలోనే.

ఇక మీ ప్రశ్న. ఫలానా సాఫ్ట్‌వేర్ అయితేనే చెల్లుతుందనే జాబితా మన చట్టంలో లేదు. సెలెబ్రైట్, మ్యాగ్నెట్ యాక్సియమ్, ఎన్‌కేస్, ఎఫ్‌టీకే లాంటి విదేశీ ప్రోగ్రాములున్నాయి. తిరువనంతపురంలోని సీ-డాక్ తయారుచేసిన సైబర్‌చెక్, మొబైల్‌చెక్ ఉన్నాయి. ఆటాప్సీ అయితే ఉచితం. వీటిలో ఏది వాడినా కోర్టు అడిగేవి వేరు: ఈ డేటా ఏ పరికరంలోంచి వచ్చింది, ఆ పరికరం ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చింది, తీసినప్పటి నుంచి ఒక్క అక్షరమైనా మారిందా, దీనికి బోనెక్కి జవాబు చెప్పే మనిషి ఎవరు. సాఫ్ట్‌వేర్ ఇందులో మూడో ప్రశ్నకు బాగా, మొదటిదానికి కొంతవరకు జవాబిస్తుంది. మిగతా రెండూ మీరు, మీ నిపుణుడు చెప్పుకోవాల్సినవి.

అందుకే ఫోన్ సంగతి ముందు చూద్దాం. అది ఆఫ్‌లో ఉంటే ఆఫ్‌లోనే ఉంచండి. ఆన్ చేస్తే ఇంటి వైఫై పాస్‌వర్డ్ దానికి గుర్తుంటుంది కాబట్టి వెంటనే నెట్‌కు తగులుకుంటుంది. నంబరు వేరే ఫోన్లోకి వెళ్లిందని వాట్సాప్‌కు తెలిసి, మళ్లీ రిజిస్టర్ చేసుకోమని అడుగుతుంది. అక్కడ ఎవరో ఒకరు ‘ఓకే’ నొక్కితే కొత్త తలనొప్పి. యాప్‌ను అప్‌డేట్ చేయొద్దు, అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయొద్దు. సిమ్, మెమరీ కార్డు ఏవైనా లోపల ఉంటే వాటి జోలికి పోవద్దు. స్క్రీన్ లాక్ పిన్ కాగితం మీద రాసి విడిగా దాచండి. రెండేళ్ల తర్వాత నిపుణుడి ముందు కూర్చుని పిన్ గుర్తు రాక తంటాలు పడేవాళ్లు చాలామంది. ఫోన్ నాలుగు వైపులా ఫొటోలు తీసి, మందపాటి కవర్లో పెట్టి అతికించి, అతుకు మీద తేదీ వేసి మీరూ, ఇంకో ఇద్దరూ సంతకాలు చేయండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం కవర్లో పెట్టకుండా వెంటనే నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ రోజు నుంచి ఫోన్ ఎవరి చేతికి వెళ్లినా ఒక చిన్న పుస్తకంలో తేదీ, గంట, పేరు, ఎందుకు ఇచ్చారో రాయండి. కోర్టు భాషలో కస్టడీ గొలుసు అనేది ఇదే. ఖర్చులేని పని, కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పట్టుకునేది దీన్నే.

స్క్రీన్ మార్చాలా అంటే, అవసరాన్ని బట్టి. బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రమే పనిచేయకపోతే ఓటీజీ కేబుల్‌తో మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలించి పిన్ కొట్టొచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తీసుకుంటాయి. బొమ్మే రాకపోతే డిస్‌ప్లే మార్చక తప్పదు. డేటా మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది గనుక డిస్‌ప్లే మారిస్తే మెసేజ్‌లకు ఏమీ కాదు. కానీ ఆ పని నిపుణుడి ఎదుటే జరగాలి, మార్చిన భాగం పేరు, తేదీతో బిల్లు ఉండాలి, పగిలిన పాత డిస్‌ప్లే కూడా మీరే తెచ్చుకోవాలి. ‘సర్వీసింగ్‌లో భాగంగా’ రీసెట్ కొట్టేసే షాపులున్నాయి.

ఇప్పుడు నిపుణుడు చేసే పని. ముందుగా ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఫోన్ గుర్తింపు సంఖ్యలైన రెండు ఐఎంఈఐలు రాసుకుంటాడు. సిగ్నల్ చేరని బ్యాగులో గానీ ఏరోప్లేన్ మోడ్‌లో గానీ పెట్టి ఆన్ చేస్తాడు. *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐ, సిమ్ ట్రే మీదో పెట్టె మీదో ఉన్నదానితో కలిసిందో లేదో చూస్తాడు. తర్వాత డేటా తీయడం. ఇందులో మెట్లున్నాయి. పైపైన ఫోన్ తనంతట ఇచ్చేది మాత్రమే తీసేది లాజికల్. అందులో చాలాసార్లు వాట్సాప్ రాదు. లోపలి ఫైళ్లన్నీ యథాతథంగా తీసేది ఫైల్ సిస్టమ్. మీకు కావలసింది ఇదే. మెమరీ మొత్తాన్ని బిట్టు బిట్టుగా తీసే ఫిజికల్ పద్ధతి ఎన్‌క్రిప్షన్ వచ్చాక కొత్త ఫోన్లలో పెద్దగా ఉపయోగపడటం లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాట్సాప్‌ను తాత్కాలికంగా పాత వెర్షన్‌కు దించి డేటాబేస్ లాగుతాయి. ఈ కిటుకు పనిచేస్తుంది, అప్పుడప్పుడు డేటాను మింగేస్తుంది కూడా. మీ ఫోన్‌కు ఏ పద్ధతి వాడబోతున్నారో ముందే అడగండి. వెర్షన్ దించే పద్ధతైతే, దానికి ముందు తీయగలిగినదంతా తీసి ఉంచాలి, ఆ సంగతి రిపోర్టులో ఉండాలి.

తీసిన ఫైలుకు హ్యాష్ కడతారు, అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 అయితే 64 అక్షరాల పొడవుండే సంఖ్య వస్తుంది. ఫైల్లో ఒక్క కామా మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. ఫైలు పేరు మారిస్తే మారదు, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే మారదు. ఫొటోను వాట్సాప్‌లో పంపితే మారుతుంది, ఎందుకంటే వాట్సాప్ దాన్ని కుదించి కొత్త ఫైలు చేస్తుంది. అసలు ఫైల్ పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలనేది అందుకే. మీ కంప్యూటర్లో మీరే చూసుకోవచ్చు: విండోస్‌లోని పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అనే ఆదేశం ఇచ్చి ఫైలు పేరు కొడితే అదే ఎస్‌హెచ్‌ఏ-256 చూపిస్తుంది.

హ్యాష్ దగ్గరే ఒక చిక్కుంది. మీ లాయరుగారు కూడా దీన్ని తెలుసుకుని ఉంటే మంచిది. కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌ను రైట్ బ్లాకర్ అనే పరికరం మీదుగా తగిలిస్తే దాని మీద ఒక్క బైటూ రాయడానికి వీలుండదు. కాబట్టి డిస్క్ పాడవకుండా ఉంటే రెండుసార్లు ఇమేజ్ (పూర్తి నకలు) తీసినా ఒకే హ్యాష్ వస్తుంది. ఫోన్ అలా కాదు. డేటా తీయాలంటే అది ఆన్‌లో ఉండాలి, ఆన్‌లో ఉన్న ఫోన్ తన లాగ్‌లు (పనుల చిట్టా) తాను రాసుకుంటూనే ఉంటుంది. ఇవాళ తీసిన దానికీ రేపు తీసిన దానికీ హ్యాష్ కలవదు. ఎదుటి లాయరు దీన్ని పట్టుకుని ‘రెండోసారి తీస్తే హ్యాష్ మారింది, కాబట్టి ఎవరో కలిపారు’ అంటాడు. హ్యాష్ అనేది ఫోన్‌కు కట్టింది కాదు, ఫలానా రోజు ఫలానా గంటకు తీసిన ఫైలుకు కట్టింది. మొత్తం హ్యాష్ మారినా లోపలి ఆ మెసేజ్ వరుసలూ, ఫొటో ఫైళ్లూ విడివిడిగా కలుస్తాయి. నిపుణుడు ఈ మాట తడుముకోకుండా చెప్పగలగాలి. చెప్పలేనివాడైతే ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ లైసెన్సున్నా మీకు పనికిరాడు.

ఇంకొకటి. హ్యాష్ కట్టిన తర్వాత మారలేదనే హ్యాష్ చెబుతుంది. కట్టకముందే దొంగ మెసేజ్ ఉంటే దాన్నీ అంతే నమ్మకంగా కాపాడుతుంది. మీ ప్రతివాది అంటున్నది ఇదే కదా, మీరే తయారుచేశారని. దీనికి జవాబు డేటాబేస్‌లో ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో కనిపించేది ఒక పేరు, ఒక మాట, ఒక గంట. అలాంటి బొమ్మను తయారుచేసే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి గనుక దానికి విలువ తక్కువ. డేటాబేస్‌లో ఒక్కో మెసేజ్‌కు ఒక వరుస ఉంటుంది: అవతలివాళ్ల నంబరు 91తో మొదలై పూర్తిగా, వచ్చిందా వెళ్లిందా అనే గుర్తు, పంపిన సమయం, చేరిన సమయం, ఆ మెసేజ్‌కు మాత్రమే చెందిన ఒక గుర్తింపు సంఖ్య. ఆ గుర్తింపు సంఖ్య పంపినవాడి ఫోన్లోనూ, అందుకున్నవాడి ఫోన్లోనూ ఒకటే. కాబట్టి ఆయన మెసేజ్ ఆయన ఫోన్లో కూడా ఉండాలి. ఆ ఒక్క చాట్ వరకు ఆయన ఫోన్‌ను పరీక్షకు పెట్టమని కోర్టును అడగొచ్చు. ‘ఫోన్ పోయింది’ అంటాడనుకోండి, ఆ మాట కూడా రికార్డులోకి వెళ్తుంది. వాట్సాప్ కంపెనీ నుంచి మెసేజ్‌లు తెప్పించమని పిటిషన్ వేయడం మాత్రం దండగ. చాట్ రెండు చివరలా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అందులోని మాటలు కంపెనీ దగ్గర ఉండవు.

రిపోర్టులో ‘పలాస ఫ్యాక్టరీ’ అని పేరు కనిపిస్తుంది, అది మీరు సేవ్ చేసుకున్న పేరు. దానికి విలువ లేదు. ఆ నంబరు ఆయనదేనని చూపడానికి సిమ్ దరఖాస్తు ఫారాన్ని టెలికాం కంపెనీ నుంచి కోర్టు ద్వారా తెప్పించాలి. ఆయన లెటర్‌హెడ్ మీదో, ఫ్యాక్టరీ బోర్డు మీదో, మీకిచ్చిన బిల్లు మీదో అదే నంబరు ఉంటే ఇంకా తేలిక.

సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పదనుకోకండి. 2011లో అమెరికాలోని ఫ్లోరిడాలో విచారణ జరిగిన ఒక హత్య కేసులో, ఇంటి కంప్యూటర్లో క్లోరోఫామ్ గురించిన పేజీని 84 సార్లు చూశారని ఒక సాఫ్ట్‌వేర్ చూపించింది. అదే ఫైలును చదివిన ఇంకో సాఫ్ట్‌వేర్ ఒక్కసారే అంది. ఒక్కసారే నిజమని ఆ మొదటి ప్రోగ్రాము రాసినాయనే చివరికి తేల్చాడు. వాట్సాప్ విషయంలో ఇలాంటిది జరిగే తీరు ఇది: యాప్ అప్‌డేట్ అయినప్పుడల్లా డేటాబేస్ లోపలి పట్టికలు మారుతుంటాయి. 2022లో మెసేజ్ మీద బొటనవేలు గుర్తు పెట్టే రియాక్షన్లు వచ్చాయి, అవి వేరే పట్టికలో నిల్వ అవుతాయి. పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ వాడితే రిపోర్టులో ఆ బొటనవేలు ఉండదు. మీరు ‘3,40,000 బాకీ, సరేనా’ అని పెడితే ఆయన వేలు గుర్తు మాత్రమే పెట్టి ఉంటే, మీ కేసుకు ఆధారమే ఎగిరిపోయినట్టు. అందుకని ముఖ్యమైన పదో ఇరవయ్యో మెసేజ్‌లను రెండో సాఫ్ట్‌వేర్‌తో చూపించాలి, లేదా డేటాబేస్‌ను మామూలు ఎస్‌క్యూలైట్ వ్యూయర్‌లో (డేటాబేస్ పట్టికలను చూపించే ప్రోగ్రాము) తెరిచి ఆ వరుసలు కళ్లతో చూసి పోల్చాలి. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ నంబరు, లైసెన్సు ఎవరి పేరున ఉందో రిపోర్టు మొదటి పేజీలో ఉండాలి. పైరసీ కాపీతో తీసిన రిపోర్టు ఒక్క ప్రశ్నతో కూలిపోతుంది.

గంటల లెక్క ఇంకో గుంత. వాట్సాప్ సమయాన్ని 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్లలో, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటిగా పెట్టుకున్న ప్రామాణిక సమయం) దాచుకుంటుంది. మనది దానికి ఐదున్నర గంటలు ముందు. ఆయన కనుమ వెళ్లాక 17 జనవరి రాత్రి 12:22కి మెసేజ్ పెట్టాడనుకుందాం. యూటీసీలో అది 16వ తేదీ సాయంత్రం 6:52. సాఫ్ట్‌వేర్‌లో టైమ్ జోన్ మార్చడం మరిచిపోతే రిపోర్టులో 16 అని పడుతుంది, మీ దావాలో 17 అని ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో కూడా 17. ఒక సాక్ష్యాన్ని ఇంకో సాక్ష్యంతో మీరే కొట్టించుకున్నట్టవుతుంది. రిపోర్టు చేతికి రాగానే ముందు చూడాల్సింది ఈ గడినే.

మన సరిహద్దు ఊళ్లకు ప్రత్యేకంగా భాష తగాదా ఉంది. చాట్ తెలుగులో, కోర్టు ఒడియా, ఇంగ్లిష్‌లలో. విదేశీ సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్ తీసినప్పుడు తెలుగు వత్తులు విడిపోయి, కొన్నిచోట్ల అక్షరాల బదులు డబ్బాలు పడతాయి. డేటా పాడవలేదు, ఫాంట్ లేదంతే. కానీ ఆ కాగితం చూసిన జడ్జిగారికి అనుమానం రావడం సహజం. హెచ్‌టీఎంఎల్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఇంకో కాపీ అడగండి, ఫోన్ తెర మీద ఆ మెసేజ్‌లు కనిపిస్తుండగా తీసిన ఫొటోలూ జత చేయించండి. వెతకడంలోనూ ఇదే బాధ. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే తెలుగుకు స్పెల్లింగంటూ లేదు. ‘డబ్బులు’లో ఒకరు బీ ఒకసారి కొడతారు, ఒకరు రెండుసార్లు, ఇంకొకరు చివర యూ బదులు రెండు ఓలు పెడతారు. తెలుగు లిపిలో కూడా, కంటికి కనిపించని విడదీత అక్షరం ఒకటి మధ్యలో ఉంటే అదే మాట సాఫ్ట్‌వేర్‌కు వేరే మాటైపోతుంది. డీటీపీ సెంటర్లో పాత అను ఫాంట్లతో కొట్టించిన లెక్కల కాగితం కంప్యూటర్లో ఉంటే, యూనికోడ్ తెలుగులో వెతికితే అది దొరకనే దొరకదు. ‘వెతికాం, ఏమీ లేదు’ అని నిపుణుడు రాసిస్తే ఒప్పుకోకండి. తెలుగు చదవగలిగిన మనిషి ఆ ఒక్క నంబరు చాట్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆ తర్వాత అనువాదం: ఒక వరుసలో తేదీ, మన గంట, నంబరు, పక్కన మెసేజ్ ఉన్నదున్నట్టు, తప్పులతో సహా, దాని పక్కన ఇంగ్లిష్. అనువదించిన వ్యక్తి అఫిడవిట్ ఇవ్వాలి. ‘వేసేస్తాను’ను ‘చూద్దాంలే’ అని అనువదిస్తే బాకీ ఒప్పుకోలు కాస్తా మాటవరసకు అన్నది అయిపోతుంది. అందుకే ఆ ముక్క లాయరుగారితో కూర్చుని మీరే సరిచూడండి.

సర్టిఫికెట్ సంగతి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 అమల్లో ఉంది. అందులో 63వ సెక్షన్ పాత ఇండియన్ ఎవిడెన్స్ యాక్ట్‌లోని 65బి స్థానంలో వచ్చింది. మీ దావా ఆ తేదీకి ముందే వేసి ఉంటే పాత చట్టం, 65బి సర్టిఫికెట్, తర్వాతైతే కొత్తది. కొత్త సర్టిఫికెట్‌కు చట్టం చివర షెడ్యూల్‌లో నమూనా ఉంది, దానికి రెండు భాగాలు. ఎ భాగం మీరు నింపి సంతకం చేయాలి: పరికరం మొబైలా, డీవీఆరా (సీసీటీవీ రికార్డరు), పెన్‌డ్రైవా, కంపెనీ, మోడల్, రంగు, సీరియల్, ఐఎంఈఐ, అది మీ సొంతమా లేక మీరు నడిపేదా, హ్యాష్ ఎంత, ఏ పద్ధతిలో కట్టారు. బి భాగం నిపుణుడిది. హ్యాష్ గడిలో ఎస్‌హెచ్‌ఏ-1, ఎస్‌హెచ్‌ఏ-256, ఎండీ5 మూడూ ఉంటాయి. ఎస్‌హెచ్‌ఏ-256కే టిక్ పెట్టించండి. ఎండీ5కు 2004లో, ఎస్‌హెచ్‌ఏ-1కు 2017లో, రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే సంఖ్య తెప్పించి చూపించారు. మీ కేసులో ఎవరూ అంత పని చేయరు గానీ, ఆ ప్రశ్నకు అసలు తావెందుకు ఇవ్వాలి?

ఆ నమూనాలో మీకు అంటుకునే వాక్యం ఒకటుంది: ఆ కాలంలో పరికరం సరిగ్గా పనిచేసింది, ఒకవేళ చేయకపోయినా దానివల్ల రికార్డు దెబ్బతినలేదు అని. మీ ఫోన్ స్క్రీన్ పగిలింది కదా. ఎప్పుడు పగిలింది, అప్పటి నుంచి వాడలేదు, స్క్రీన్ పోయినా మెమరీకి ఏమీ కాలేదు అని అక్కడే రాయించండి. దాచిపెట్టి, క్రాస్‌లో బయటపడనిస్తే సర్టిఫికెట్ మొత్తం మీద నీడ పడుతుంది.

సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పి, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో గట్టిపరిచింది. ఆ రెండో తీర్పులోనే మీకు పనికొచ్చే మాట ఉంది: పరికరం యజమాని బోనెక్కి, ఇది నాది, నేను వాడింది అని చెప్పి అసలు పరికరాన్నే కోర్టు ముందు పెడితే సర్టిఫికెట్ అవసరం లేదు. కాబట్టి మీ దగ్గరున్న అన్నింటిలోకీ బలమైన ఆధారం ఆ పగిలిన ఫోనే. దీంట్లో కష్టమేమిటంటే ఫోన్ కోర్టు కస్టడీలో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, ఈలోగా బ్యాటరీ చచ్చిపోవచ్చు. అందుకని ముందు డేటా తీయించి సర్టిఫికెట్ పుట్టించండి, తర్వాత ఫోన్ కూడా దాఖలు చేయండి. కోర్టుకు రికార్డు సమర్పించిన ప్రతిసారీ సర్టిఫికెట్ జతచేయాలని సెక్షన్‌లోనే ఉంది. కింది కోర్టులో ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు.

నిపుణుడు ఎవరు? ఐటీ చట్టం 79ఎ కింద కేంద్రం గుర్తించిన ల్యాబుల జాబితా ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్లో ఉంటుంది. ప్రభుత్వ ల్యాబులు మామూలుగా పోలీసులో కోర్టో పంపితేనే తీసుకుంటాయి, నేరుగా మీరు పట్టుకెళ్తే తీసుకోవు. సివిల్ దావాలో దీనికి దారి సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 26 రూల్ 10-ఎ: శాస్త్రీయ పరీక్షకు కమిషన్ వేయమని పిటిషన్. జాప్యం అవుతుంది, కానీ కోర్టు పంపిన ఫోన్ గనుక కస్టడీ మీద ఎవరూ మాట్లాడలేరు. ప్రైవేటు నిపుణుణ్ని పెట్టుకుంటే విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి. పర్లాకిమిడి కోర్టుకు సాక్ష్యానికి వస్తానని, ఫీజు ఎంతో, ముందే రాతపూర్వకంగా తీసుకోండి. రిపోర్టు ఇచ్చి ఫోనెత్తని నిపుణుడి కంటే అసలు లేకపోవడమే నయం. ఫోన్లో కుటుంబం ఫొటోలు, బ్యాంకు మెసేజ్‌లు కూడా ఉంటాయి. డేటా మొత్తం తీసినా, కోర్టుకు పెట్టే రిపోర్టు ఆ ఒక్క చాట్‌కు మాత్రమే పరిమితం చేయమని, మిగతాది సీలు వేయమని అడిగే హక్కు మీకుంది.

మీ షాపులో సీసీటీవీ ఉండి, లోడింగ్ దృశ్యాల మీద ఆశ పెట్టుకుంటే వదిలేయండి. డీవీఆర్లు డిస్క్ నిండగానే పాతవాటి మీదే రాసుకుంటూ పోతాయి. రెండు సీజన్ల కిందటివి ఉండవు. అయినా ఎవరైనా ఆ డిస్క్‌ను ఊడదీసి కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది, ఎందుకంటే చాలా డీవీఆర్ల పద్ధతి దానికి అర్థం కాదు. అక్కడ ‘అవును’ నొక్కకూడదని మాత్రం గుర్తుంచుకోండి.

మెసేజ్‌ల మీదే కేసంతా నిలబెట్టకండి. రాష్ట్రం దాటిన సరుకు 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు ఉండి తీరాలి. అందులో లారీ నంబరు, తేదీ ఉంటాయి. చాట్‌లో ‘లారీ వచ్చింది’ అన్న తేదీతో అవి కలిస్తే, మెసేజ్ దొంగదన్న వాదన చాలా బలహీనపడుతుంది. ఆయన మధ్యలో ఏమైనా డబ్బు పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి; యాప్‌లోంచి దించుకున్న పీడీఎఫ్ కాదు, బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం 1891లోని 2ఎ సెక్షన్ సర్టిఫికెట్‌తో బ్యాంకు ఇచ్చినది.

కాల్ రికార్డింగులు ఏ ఫోన్లో రికార్డయ్యాయో ఆ ఫోన్లోని అసలు ఫైళ్లే కావాలి. ముందూ వెనకా కత్తిరించొద్దు, శబ్దం శుభ్రం చేయించొద్దు, లాయరుగారికి వాట్సాప్‌లో పంపి అదే కాపీని మళ్లీ దాఖలు చేయొద్దు. అవి మామూలు కాల్స్ అయితే వాటి తేదీ, గంట, నిడివి టెలికాం కంపెనీ కాల్ రికార్డులతో సరిపోవాలి. వాట్సాప్ కాల్స్ అయితే ఆ రికార్డుల్లో కనిపించవు. మహేంద్రతనయ దాటితే పాతపట్నమే గనుక, మీరు పర్లాకిమిడిలో కూర్చుని మాట్లాడినా ఫోన్ ఆంధ్ర వైపు టవర్‌కు తగిలి ఉండొచ్చు. ఎదుటివాళ్లు దాన్ని ఎత్తి చూపితే కంగారు పడనక్కర్లేదు, సరిహద్దులో అది మామూలేనని ముందే లాయరుగారికి చెప్పి ఉంచండి. టెలికాం కంపెనీలు ఆ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలని లైసెన్సు నిబంధన; ఆ తర్వాత ఉంటాయన్న భరోసా లేదు. మీ కాల్స్ రెండు సీజన్ల కిందటివి. ఫోన్ పరీక్ష పిటిషన్ కంటే ముందు, ఆ కాల్ రికార్డులు భద్రపరిచి పంపమని టెలికాం కంపెనీకి ఆదేశం కోరుతూ పిటిషన్ ఈ వాయిదాలోనే వేయించండి.